కారులో దీపం

పాత కారును బాగుచేయించాలా, పాత ఇనుము కింద అమ్మేయాలా, ఇంకొకటి కొనాలా అన్న ప్రశ్న మా ఇంట్లో 1988 ఫిబ్రవరిలో వచ్చింది. లెక్క వేసింది నేను. చిలకలూరిపేట మెకానిక్కు ఇంజను విప్పి, రేడియేటరుతో సహా అన్నీ సరిచేయడానికి మూడువేల ఎనిమిదివందలు అవుతుందన్నాడు. గుంటూరు పాత ఇనుము వ్యాపారి రెండువేల రెండువందలు ఇస్తానన్నాడు. నాలుగేళ్లు నడిచే ఇంకో పాత కారు కొనాలంటే పద్దెనిమిది వేలకు తక్కువ లేదు. మా ఇద్దరి జీతాలు, అప్పటికే నెల నెలా కోత పడుతున్న పి.ఎఫ్. అప్పు చూసుకుంటే ఆ మూడో దారి గురించి మాట్లాడుకోనక్కరలేదు. మిగిలిన రెండింటిలో బాగుచేయించడమే నయమని తేలింది. ఆ మాటే మా ఆయనకు చెప్పాను.

"నువ్వేసిన లెక్క కరెక్టే," అన్నారు ఆయన. "కానీ దాన్ని మాత్రం నా కళ్ల ముందు నుంచి తీసెయ్యాలి. శనివారం వచ్చి పట్టుకుపొమ్మని అతనికి కబురు పంపాను. రెండువందలు బయానా కూడా తీసుకున్నాను."

తొమ్మిదేళ్లుగా ఆ కారును కన్నబిడ్డలా తుడుచుకున్న మనిషి ఆయన. అందుకే ఆ మాట ఎందుకు వచ్చిందో చెప్పాలి.

మేమిద్దరం మిషన్ బడిలో టీచర్లం. మా ఊరు పేటకు తొమ్మిది మైళ్లు. అంతా నల్లరేగడి నేల. వానాకాలం అందులో కాలు పెడితే చెప్పు ఒకచోట, కాలు ఒకచోట. ఊళ్లో రైతులు, ఊరి బయట పల్లెలో మేము. మా అత్తయ్య ఆ రైతుల పొలాల్లో పత్తి తీసి, మిరపకాయలు కోసి కొడుకును చదివించింది. కారు మిషన్ ఆసుపత్రి దొరసాని డాక్టరమ్మది. 1979లో ఆమె తన దేశం వెళ్లిపోతూ నాలుగున్నర వేలకు మా ఆయనకు ఇచ్చింది. అప్పటికే అది పాతది. నల్ల రంగు, గుండ్రటి లైట్లు, తలుపు గట్టిగా వేస్తే తప్ప పడదు.

ఆ కారు మా సుఖానికి వాడుకున్నది తక్కువ. ఆదివారాలు పాస్టరుగారిని పక్క ఊళ్ల గుళ్లకు తీసుకెళ్లేది. మిగతా రోజుల్లో, పురిటి నొప్పులొచ్చినా, పాము కరిచినా, ఊరూ పల్లే అన్న తేడా లేకుండా అందరూ మా వాకిట్లోకే పరిగెత్తుకు వచ్చేవారు. పెట్రోలు పోయిస్తే చాలు, ఆయన ఇంకేమీ పుచ్చుకునేవారు కాదు. ఊళ్లో అంతకు ముందు ఆయన్ను ఏరా అన్నవాళ్లు కూడా కారు వచ్చాక పంతులూ అనడం మొదలుపెట్టారు.

ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. కొట్టిన మందే మళ్లీ కొట్టారు, ఒకటి పనిచేయకపోతే రెండు కలిపి కొట్టారు. ఆకుల మీద బంక కారి, దాని మీద మసి పేరుకుని, చేలకు చేలే నల్లబడ్డాయి. ఫిబ్రవరి మొదటి వారంలో ఒక మధ్యాహ్నం, బడి విడిచి నేను అన్నానికి ఇంటికి వచ్చిన వేళ, ఒక పెద్దావిడ పల్లెలోకి పరిగెత్తుకు వచ్చింది. మా అత్తయ్య ముప్ఫై ఏళ్లు కూలికి వెళ్లిన ఇంటి ఇల్లాలు ఆమె. తలలో నూనె లేదు, కాళ్లకు చెప్పులు లేవు. ఆమె ఒక్కగానొక్క కొడుకు చేను గట్టు మీద పురుగు మందు తాగి పడిపోయాడు.

మా ఆయన డ్రైవింగులో, నేను ముందు సీట్లో. వెనక సీట్లో తల్లి, ఆమె ఒళ్లో కొడుకు తల. అతని భార్యకు ఇద్దరు చిన్నపిల్లలు, ఆమె స్పృహ తప్పి ఇంట్లోనే ఉండిపోయింది. పేటలో డాక్టరు గొట్టం వేసి కొంత కక్కించి, ఇక్కడ కాదు, ఆలస్యం చేయకుండా గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపొండి అన్నాడు. మూడు గంటల పది నిమిషాలకు పేటలో బయలుదేరాం. యడ్లపాడు దాటి రెండు మైళ్లు పోయామో లేదో బానెట్ నుంచి ఆవిరి లేచింది. ఇంజను ఒక్కసారి దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది.

రోడ్డు పక్కన ఒక మోటారు బావి ఉంది. మా ఆయన చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటరు మూత తిప్పారు. వేడినీళ్లు ఎగజిమ్మి ముంజేయి బొబ్బలెక్కింది. బావి నుంచి డబ్బాతో నీళ్లు మోసి, చల్లారేదాకా ఆగి, పోసి, మళ్లీ మోశారు. దారిన పోయే లారీలకు చెయ్యెత్తారు. రెండు ఆగకుండా పోయాయి. ఆయన తల బానెట్ కింద ఉండగా వెనక సీట్లో ఆ కొడుకు కళ్లు తెరిచాడు. "అమ్మా, దాహం," అన్నాడు. తల్లి నా వైపు చూసింది. నీళ్లు తాగించొద్దని పేటలో చెప్పి ఉన్నారు. నేను నా కొంగు ఆ బావి కాలవలో తడిపి తెచ్చి ఆమె చేతికిచ్చాను. ఆమె అతని పెదవులు తుడిచింది. అతను ఆ తడి కొంగును నోటితో పట్టుకున్నాడు. నేను అలాగే వంగి నిలబడ్డాను.

కారు మళ్లీ కదిలేసరికి ఇరవై అయిదు నిమిషాలు పోయాయి. కుంటుకుంటూ గుంటూరు చేరాం. ఆసుపత్రి మెట్ల దగ్గర డాక్టరు వెనక తలుపు తీసి, చెయ్యి పట్టి చూసి, దారిలోనే పోయాడమ్మా అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం శవాన్ని వ్యానులో ఊరికి తెచ్చారు. బయట పోయినవాణ్ణి ఇంట్లోకి తీసుకోకూడదని వీధిలోనే, పందిరి కింద, కాసేపు పడుకోబెట్టి అటునుంచి అటే తీసుకెళ్లారు. మా కారు ఆ సాయంత్రం మిర్చి యార్డు నుంచి ఖాళీగా తిరిగొస్తున్న లారీ వెనక తాడు కట్టించుకుని ఇంటికి వచ్చింది. రేకుల పంచలో దాన్ని నిలిపి, మా ఆయన తాళం చెవి మేకుకు తగిలించారు. ఆ తరువాత దాని వైపు చూడలేదు. ముంజేతికి రాసుకోవడానికి మందు ఇస్తే రాసుకోలేదు. రాత్రి భోజనం దగ్గర ఒక్క మాటే అన్నారు.

"ఆ ఇరవై అయిదు నిమిషాలే చంపాయి."

నేను అవునని గాని, కాదని గాని అనలేదు. నాకు తెలియదు. ఆగకపోతే బతికేవాడేమో, బతికేవాడు కాదేమో. ఆగిన చోట మాత్రం అతనిలో ప్రాణం ఉంది. ఆ సంగతి బానెట్ అవతల ఉన్న మా ఆయనకు తెలియదు, ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. చెబితే ఆయన ఏమైపోతారో నాకు తెలుసు.

బయానా తీసుకున్న మర్నాడు సాయంత్రం ఆ పెద్దావిడ మళ్లీ పల్లెకు వచ్చింది. ఒక చేతిలో ఇత్తడి ప్రమిద, ఒక చేతిలో నూనె సీసా. మా వాకిలి దగ్గరే ఆగిపోయింది.

"మైలలో ఉన్నాను టీచరమ్మా. లోపలికి రావచ్చా?"

నేను జవాబు చెప్పేలోపు మా అత్తయ్య అందుకుంది. ఆవిడ మా వాకిట్లో మిరపకాయలు ఆరబోసిన కళ్లం పక్కన కూర్చుని తొడిమెలు తీస్తోంది. "రండి అమ్మగారూ. మైలని చెప్పి మా వాకిట్లో ఆగిన ఊరి మనిషిని నేను పుట్టి బుద్ధెరిగి ఇదే చూడటం."

పెద్దావిడ ఆ మాట పట్టించుకోలేదు. కారు వైపు చూస్తూ చెప్పింది. వాళ్లలో మనిషి ప్రాణం పోయిన చోట పెద్ద దినం దాకా దీపం వెలగాలి. అయ్యవారు ఇంట్లోనే పెట్టుకోమన్నాడు. వీధిలో పందిరి వేసిన చోట పెట్టమని మరిది అన్నాడు.

"ఇంట్లో పోలేదు గదమ్మా వాడు. వీధిలోనూ పోలేదు. ఆ కార్లో పోయాడు. అక్కడ చీకటిగా ఉంటే ఎట్టా?"

మా ఆయన గుమ్మంలో నిలబడి విన్నారు. శనివారం కారు వెళ్లిపోతుందన్న మాట ఆయన నోటి దాకా వచ్చిందని నాకు తెలుసు. చొక్కా విప్పి మేకుకు తగిలించి, పానా తీసుకుని కారు కిందికి దూరారు. పెట్రోలు ట్యాంకులో చుక్క మిగలకుండా డబ్బాలోకి దించి, దాన్ని బడి దగ్గరి కొట్లో పెట్టించారు. బ్యాటరీ తీశారు. తలుపులన్నీ తెరిచి వాసన పోయేదాకా ఉంచారు. వెనక సీటు ఊడదీసి గోడకు ఆనించారు. సీటు కింది రేకు మీద, ఒక పాత ఇనప తట్టలో ఇసుక పోసి పెట్టారు. పెద్దావిడ ఆ ఇసుకలో ప్రమిద పెట్టి వెలిగించింది. ఆయన కారును ముట్టుకోవడం ఆ రోజు తరువాత అదే మొదలు.

శనివారం పొద్దున్నే పాత ఇనుము వ్యాపారి లారీతో దిగాడు. కారు చుట్టూ తిరిగి, చక్రాన్ని కాలితో తన్నాడు.

"లోపలేందండీ దీపం? ఇంజనుకు చలేస్తందా?"

"నీకు చలేస్తే చెప్పు, నీ కాడ కూడా పెడతా," అంది మా అత్తయ్య.

మా ఆయన జరిగింది చెప్పి, దినం అయ్యేదాకా ఆగమన్నారు. అతను తల గోక్కున్నాడు. "లారీ కిరాయి ఎవరిస్తారు మాస్టారూ? పోనీ ఒక పని చేద్దాం. ఆ దీపమున్న రేకు ముక్క కోసి మీకిస్తా, మిగతాది నేను పట్టుకుపోతా."

"ముందు నీ లారీలో సగం కోసి మాకిచ్చి పో," అంది మా అత్తయ్య. "చావు ఇంటి దీపం మీద బేరమాడితే నీ తక్కెడ తిన్నగా తూగిద్దా?"

ఆ మాటకు అతను కాస్త జంకాడు. చెప్పులు విడిచి కారు దగ్గరకు వెళ్లి, లోపలికి తొంగి చూసి, దణ్ణం పెట్టి వచ్చాడు. లారీ ఖర్చుకు నలభై రూపాయలు తీసుకుని, దినం అయ్యాక వస్తానని వెళ్లాడు.

ఆదివారం గుడి దగ్గర సంఘ పెద్ద ఒకాయన నన్ను ఆపి, విశ్వాసుల ఇంట్లో దీపాలేమిటమ్మా అని అడిగాడు. నేను బడిలో పిల్లలకు చెప్పినట్టే చెప్పాను. అది మా దీపం కాదు, మేము దానికి మొక్కడం లేదు, ఒక తల్లి తన కొడుకు పోయిన చోట పెట్టుకుంది, ఆ చోటు మా పంచలో ఉంది. ఆయన ఇంకేదో అనబోయాడు. వెనక వస్తున్న మా అత్తయ్య, "కరెంటు పోతే నువ్వు బుడ్డి వెలిగించుకోవూ? దాన్నేమన్నా ఆరాధిస్తన్నావా?" అనేసరికి నవ్వి ఊరుకున్నాడు. పాస్టరుగారు ఆ వారం ప్రార్థనలో ఆ ఇంటి వాళ్లను తలుచుకున్నారు.

పెద్దావిడ రోజూ పొద్దుగూకే వేళకు వచ్చేది. పగలు ఆరిపోకుండా నూనె పోయడం నా పని, నేను బడికి వెళ్తే మా అత్తయ్య పని. మొదటి రెండు రోజులు ఆమె కారు పక్కనే నేల మీద కూర్చుని ఊరికే చూసింది. మూడో రోజు, ఎవరూ రమ్మనకుండానే, కళ్లం దగ్గరకు జరిగి మా అత్తయ్య ముందున్న కుప్పలోంచి ఒక కాయ తీసి తొడిమె తుంచింది. తరువాత ఇంకొకటి.

"మీ చేతులు మండుతాయి అమ్మగారూ," అంది మా అత్తయ్య.

"మండనీ."

"మీ కళ్లంలో నేను తొడిమెలు తీస్తంటే మీరు మంచం మీద కూర్చుని, కాయ నలుగుతంది, కాయ నలుగుతంది అని అరిచేవోళ్లు. ఇప్పుడు మీరే నలుపుతన్నారు."

"అరిచేదాన్ని," అంది పెద్దావిడ. "చూపించు మరి, ఎట్టా తీస్తావో."

మా అత్తయ్య చూపించింది. బొటనవేలు గోరు ఆనించి, మెలితిప్పకుండా, పక్కకు విరవాలి. ఇద్దరూ చీకటి పడేదాకా అలా కూర్చున్నారు. ఘాటుకు తుమ్ములు, మధ్య మధ్య దీపం వైపు చూపులు. ఆ సాయంత్రమే అనుకుంటాను, పెద్దావిడ తల ఎత్తి, "టీచరమ్మా, కాసిని మంచినీళ్లియ్యి," అంది. మా అత్తయ్య చేతిలో కాయ అలాగే ఆగింది. నేను గ్లాసు కడిగి నీళ్లు తెచ్చిచ్చాను. ఆమె తాగి, గ్లాసు నా చేతికే ఇచ్చింది. మా ఇంటి నీళ్లు ఆ ఇంటివాళ్లు ముట్టడం అంతకు ముందు ఎవరూ ఎరుగరు.

మా ఆయన మాత్రం ఆమె వచ్చే వేళకు ఏదో పని కల్పించుకుని బయటికి వెళ్లేవారు. దినం ముందు రోజు సాయంత్రం వెళ్లలేదు. ఆమె వత్తి సరిచేస్తుంటే కారుకు అవతలి పక్క వచ్చి నిలబడ్డారు. నేను నూనె సీసా పట్టుకుని ఇవతల ఉన్నాను. ఆయనే మొదలుపెట్టారు.

"అమ్మగారూ, రేపు మీ దీపం అయిపోయాక దీన్ని ఇనుము కింద ఇచ్చేస్తున్నాను. బండి మంచిదైతే మీవాడు బతికేవాడు. రేడియేటరు పోతోందని వేసవి నుంచే తెలుసు నాకు. ఊరికే నీళ్లు పోసి నడిపాను. మీరు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనండి."

పెద్దావిడ లేవలేదు. వత్తి నుంచి చూపు తిప్పలేదు.

"బండి ఎక్కడ ఆగింది?"

"యడ్లపాడు దాటాక. మోటారు బావి దగ్గర."

"అప్పటికే లేడయ్యా వాడు."

ఆయన కారు తలుపు పట్టుకున్నారు.

"యడ్లపాడు రాకముందే పోయాడు. ఆ ఊరి మలుపు కాడ ఒక్క ఊపిరి గట్టిగా తీసి వదిలాడు. నా ఒళ్లో పోయినోణ్ణి నేనెరగనా?"

"మరి చెప్పలేదేం?"

"చెబితే బండి వెనక్కి తిప్పుతారు గదా. పెద్దాసుపత్రి దాకా పోతే ఏదన్నా చేస్తారేమోనని. తల్లికి ఆశ చావదు." అని, ప్రమిదను ఇసుకలో కొంచెం లోతుకు నొక్కింది. "నీ బండి వాణ్ణి చంపలేదు బాబూ. మోసుకుపోయింది. నువ్వు చెయ్యి కాల్చుకున్నావు. దాన్ని తెగనమ్మబోకు. రేపు ఇంకోళ్లు వస్తారు, వాళ్లకేం చెప్తావు?"

అంతవరకూ ఆమె ఆయన్ను పంతులూ అనే పిలిచేది.

బావి దగ్గర ఆమె కొడుకు దాహమని అడిగిన మాట నేను విన్నాను. ఆమె వింది. కాలవలో తడిసింది నా కొంగే. బడిలో ఒక పిల్లవాడి లెక్కలో చివరి అంకె తప్పు పడితే పొద్దుపోయినా సరే మళ్లీ చేయించి పంపేదాన్ని, ఇంట్లో మా ఆయన సంతలో వంకాయల ధర పావలా తేడాగా చెప్పినా సరిచేసేదాన్ని. ఆ సాయంత్రం నూనె సీసాకు మూత పెట్టాను. ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే నా ముఖం ఎలా ఉండేదో తెలియదు.

మా ఆయన తలుపు వదిలారు. తరువాత పంచలోంచి బయటికి వచ్చి, మా అత్తయ్య పక్కన కూర్చుని, ముంజేతి బొబ్బల మీద మందు రాయమని చెయ్యి చాపారు. "ఇన్నాళ్లకా?" అని గొణుక్కుంటూ ఆవిడ రాసింది.

దినం రోజు నూనె పోయలేదు. దీపం దానంతట అది కొండెక్కింది. పెద్దావిడ ప్రమిదను, తట్టలోని ఇసుకను మూట కట్టించుకుని తీసుకుపోయింది. ఇసుకను వాళ్ల చేలో, అతను పడిపోయిన గట్టు మీద పోయించిందని తరువాత తెలిసింది. పాత ఇనుము వ్యాపారికి బయానా తిప్పి ఇచ్చేశాం. "దీపం పెడితే బండి బతికిందే!" అని పోతూ పోతూ అన్నాడు.

మెకానిక్కు చెప్పిన దానికంటే మూడువందలు ఎక్కువైంది. అది క్లచ్ ప్లేటుకు. ముందు చెప్పలేదేమని అతన్ని నిలదీశాను, విప్పితేనే గదమ్మా తెలిసేది అన్నాడు, ఇచ్చాను. వెనక సీటు గుడ్డ మార్పిద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. మా అత్తయ్య కుంకుడు నురుగుతో ఎన్నిసార్లు తోమినా ఆ వేసవంతా కారు తలుపులు తీస్తే పురుగు మందు వాసన వచ్చేది. ఆ వేసవిలో అదే సీట్లో ఇంకో ఇద్దరిని పేటకు చేర్చారు. ఇద్దరూ నడిచి ఇంటికి వచ్చారు.

ఆయన ఆ తరువాత ఎవరితోనైనా ఈ సంగతి చెప్పవలసి వస్తే, యడ్లపాడు రాకముందే పోయాడట పాపం అనేవారు. పక్కన నేను ఉన్నా అనేవారు. ఆయన పోయేదాకా నేను ఆ మాట సరిచేయలేదు. ఆ పెద్దావిడా పోయింది, మా అత్తయ్యా పోయింది. ఇప్పుడు రాస్తే నొచ్చుకునేవాళ్లు ఎవరూ మిగల్లేదు కాబట్టి రాస్తున్నాను.

మరుసటి ఏడు పెద్దావిడకు కళ్లలో శుక్లాలు ముదిరాయి. ఆపరేషనుకు గుంటూరు తీసుకెళ్లాలి. కొడుకు లేని ఇల్లు, మరిదికి తీరిక లేదు. మా కారులోనే వెళ్లాం. ఈసారి నేను వెనక సీట్లో ఆమె పక్కన కూర్చున్నాను. యడ్లపాడు మలుపు దాటాం. రెండు మైళ్లు పోయాక మా ఆయన వేగం తగ్గించి, రోడ్డు పక్కకు తీశారు.

"అమ్మగారూ, ఆ రోజు బండి ఆగింది ఇక్కడే."

అద్దంలో ఆయన కళ్లు ఆమెనే చూస్తున్నాయి. అడగకుండా ఇంకోసారి అడుగుతున్నారు.

"ఇక్కడా?" అంది ఆమె. "నాకేం గుర్తు లేదు బాబూ. నడుపు, ఎండెక్కిద్ది."

మోటారు ఆడుతోంది. కాలవ నిండా నీళ్లు మిరప చేలోకి పారుతున్నాయి. ఆ శుక్లాలతో ఆమెకు అవి కనిపించాయో లేదో, కారు కదిలి ఆ బావి వెనక్కి పోయేదాకా అటే చూస్తూ కూర్చుంది.